ఆయిలు ఎక్కలేదని ఇంజన్ దించకండి

పాత కార్ల మేస్త్రీకి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఒకప్పుడు డ్రాగ్ పందేల్లో (తిన్నని దారిలో కొద్ది దూరపు వేగ పందేలు) పరుగెత్తిన 1971 ప్లిమత్ డస్టర్ కొన్నాను. 340 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌కు బోరు చేయించి (సిలిండర్లను కాస్త పెద్దవి చేయించి), కొత్త క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు), బేరింగులు వేయించాను. స్టార్ట్ చేసే ముందు డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పితే ప్రెషర్ బాగానే చూపిస్తోంది. ఎడమ వైపు రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలకు) ఆయిలు ధారగా వస్తోంది, కుడి వైపు మాత్రం చుక్క లేదు. క్యామ్ బేరింగు తప్పుగా దిగింది, మళ్లీ విప్పాల్సిందే అంటున్నారు షాపువాళ్లు. విప్పించమంటారా?
— ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఒక్క సంగతి చెప్పండి. డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ క్రాంకు (ఇంజన్ ప్రధాన ఇరుసు) కదలకుండా ఉంది కదూ? మీ అనుమానానికి జవాబు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

క్రైస్లర్ చిన్న వీ8 ఇంజన్లలో రాకర్లకు ఆయిలు నేరుగా ఎక్కదు. రెండో క్యామ్ బేరింగు ఒక హెడ్డుకు (సిలిండర్ల పై మూతకు), నాలుగోది మరో హెడ్డుకు దారి ఇస్తాయి. క్యామ్‌షాఫ్టులో ఉన్న రంధ్రం బేరింగు రంధ్రానికి ఎదురుగా వచ్చిన క్షణంలోనే ఆ దారి తెరుచుకుంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిలు ఇలా విడతలు విడతలుగా అందుతుంది, రాకర్లకు అది చాలు. క్యామ్ ఆగి ఉన్నప్పుడు ఒక వైపు దారి తెరిచి ఉండి, మరో వైపు మూసుకుపోవడం మామూలే. మీ కుడి వైపు బహుశా మూసి ఉన్న చోట ఆగింది, అంతే.

స్పార్క్ ప్లగ్గులు తీసేయండి, క్రాంకు తేలిగ్గా తిరుగుతుంది. ఒకరు డ్రిల్లు పట్టుకోవాలి. ఈ ఇంజన్‌కు డ్రిల్లు సవ్యదిశలో తిరగాలి. మరొకరు పొడుగు రెంచితో క్రాంకును పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి, మళ్లీ పావు చుట్టు తిప్పాలి. ఆయిలు చల్లగా ఉంటే పైకి ఎక్కడానికి సమయం పడుతుంది, తొందరపడకండి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ లోపు ఎక్కడో ఒక చోట కుడి వైపు తడవాలి.

అప్పటికీ పొడిగానే ఉంటే రాకర్ షాఫ్టు చూడండి. దాని చివర చిన్న గాటు ఉంటుంది. అది రెండు వైపులా ఇంజన్ మధ్యకే చూడాలి. దానితోపాటు ఎడమ హెడ్డు మీద ముందుకు, కుడి హెడ్డు మీద వెనక్కి ఉండాలి. షాఫ్టు తిరగబడి బిగించిన ఇంజన్లు చాలానే చూశాను, ఎంతో పేరున్న షాపుల్లోంచి వచ్చినవి కూడా. ఇదీ సరిగ్గా ఉంటే అప్పుడు బేరింగు మాట ఆలోచిద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ రెంచి ముట్టుకునే ముందు బండి యజమానిని పది ప్రశ్నలు అడిగేవారు. ఇక్కడ అమెరికా షాపుల్లో ఆ ఓపిక తక్కువ, గంటల లెక్కన బిల్లు వేసేచోట ఓపిక ఎవరికి గిట్టుతుంది?

ఇంకొకటి. కొత్త ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (ఉబ్బుల మీద ట్యాపెట్లు రోలర్లు లేకుండా నేరుగా రుద్దుకునే రకం) అయితే స్టార్ట్ కాగానే 2000 ఆర్‌పీఎం పైన ఓ 20 నిమిషాలు నడపండి, ఐడిల్‌లో వదలకండి. క్యామ్ లోబులకు, అంటే ఆ ఉబ్బులకు, ఆయిలు అందేది ముఖ్యంగా క్రాంకు చిమ్మే తుంపరల వల్లే, నెమ్మదిగా తిరిగితే అవి సరిపోవు. జింకు ఎక్కువగా ఉన్న ఆయిలే పోయండి.

ప్రశ్న: నా కారు స్టార్టింగ్ లైను దగ్గర బాగా లేస్తుంది. సగం దూరం దాటాక మిస్సింగ్ మొదలై, వెనక్కి పేలుతుంది. కాయిలు, ప్లగ్గులు, కార్బొరేటరు మార్చాను. ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఇంతవరకు కొన్నవి అలమారలో పెట్టండి. మిస్సింగ్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తోందో రాసి పెట్టారా? ప్రతి గేరులోనూ అదే ఆర్‌పీఎం దగ్గర వస్తే వాల్వ్ స్ప్రింగులు అలిసిపోయాయని అనుమానించండి. వాల్వులు లోబును వదిలి ఎగిరిపడుతున్నాయన్నమాట. గేరుతో పని లేకుండా ట్రాకు మీద ఇంచుమించు ఒకే చోట, ముఖ్యంగా పై గేరులో వస్తే పెట్రోలు అందడం లేదు. పందెం దూరం క్వార్టర్ మైలు, అంటే 1320 అడుగులు. మొదటి సగం కార్బొరేటరు గిన్నెల్లో నిలవున్న పెట్రోలుతోనే చాలావరకు గడిచిపోతుంది, ఆ తర్వాత పంపు సత్తా బయటపడుతుంది.

నిలబడి ఉన్నప్పుడు పెట్రోలు ప్రెషర్ 6 పీఎస్‌ఐ చూపిస్తోందని మురిసిపోవద్దు. గేజిని పరుగులో కనిపించేలా ముందు అద్దం బయట, దాని కింద ఉన్న కౌల్ పలక మీద బిగించండి, పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి తేవద్దు. ముగింపు దగ్గర అది 3కి పడిపోతుంటే ట్యాంకు నుంచి మొదలుపెట్టి వెతకండి: గాలి ఆడని మూత, పూడుకుపోయిన జల్లెడ, సన్నని ఫ్యాక్టరీ గొట్టం. మూతతో మొదలుపెట్టండి, దానికి ఖర్చు లేదు.

ప్రశ్న: 727 టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న కారుతో మొదటి గేరులో టైర్లు కాల్చవచ్చా (పందేనికి ముందు ఉన్నచోటే గిర్రున తిప్పి వేడెక్కించవచ్చా)?
— ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: వద్దు. మొదలుపెట్టగానే రెండో గేరుకు మారండి. మొదటి గేరులో టైర్లు విచ్చలవిడిగా తిరిగినప్పుడు లోపలి ఓవర్‌రన్నింగ్ క్లచ్ (ఒక వైపే తిరగనిచ్చే భాగం) విరిగితే, ముందు డ్రమ్ము ఇంజన్ వేగానికి రెట్టింపు మించి తిరిగి పగులుతుంది. అల్యూమినియం తొడుగు ఆ ముక్కలను ఆపలేదు, దాని పక్కనే ఉన్నవి మీ కాళ్లు. గేర్‌బాక్సు పేలుడు మాట వింటే నాకు డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ గుర్తొస్తారు. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ ట్రాకు మీద ఆయన సొంతంగా తయారుచేసుకున్న రెండు గేర్ల పెట్టె పేలి కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఇంజన్‌ను తన వెనకకు మార్చి, మరుసటి ఏడాదే పోమోనా పందెంలో గెలిచారాయన. మీ పెట్టె వేరే రకం, ప్రమాదం మాత్రం అదే జాతిది. గేర్‌బాక్సుకు ధ్రువీకరించిన షీల్డు (ముక్కలను ఆపే రక్షణ తొడుగు) లేకుండా లైను దగ్గరకు వెళ్లకండి.

ఆ పెట్టె పాతది కాబట్టి ఆయిలు కొలిచేటప్పుడు పార్కులో కాదు, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి కొలవండి. పార్కులో పంపు టార్క్ కన్వర్టరుకు (ఇంజన్ శక్తిని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగానికి) ఆయిలు పంపదు, కొలత తప్పుతుంది.