నలుగురిలోకి వెళ్ళాలంటే భయం.. నాకు సరిపోయే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: నా వయసు 25. బీకాం కంప్యూటర్స్ చదివాను. మాది ఏలూరు జిల్లాలో ఒక చిన్న టౌన్. నాన్నకు ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. చిన్నప్పటి నుంచి నేను తక్కువే మాట్లాడతాను, ఒంటరిగా ఉండటమే ఇష్టం. అది వేరు. ఇప్పుడు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు ఎండిపోతోంది, చేతులు వణుకుతున్నాయి. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తను. మా బావ హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో చేర్పిస్తే రెండు వారాల్లో వచ్చేశాను. తర్వాత రెండు ఇంటర్వ్యూలకు ఆఫీసు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఇంట్లో మాత్రం సెలెక్ట్ కాలేదని చెప్పాను. షాపు లెక్కలు, బిల్లులు రాత్రిపూట నేనే చూస్తాను. రైతులు వస్తే గోడౌన్‌లోకి వెళ్ళిపోతాను. ‘నోట్లో నాలుక లేనివాడు ఎలా బతుకుతాడు’ అంటారు నాన్న. మనుషులతో పని లేకుండా ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం ఏదైనా చెప్పండి. శ్రావణంలో పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి ఉంది. ఏం చేస్తున్నావని అందరూ అడుగుతారు. వెళ్ళకూడదనుకుంటున్నాను.
– ఒక సోదరుడు

జవాబు: ‘అది వేరు’ అని రాశారు చూడండి, చాలామంది ఏళ్ళ తరబడి గమనించని సంగతి అది. తక్కువ మాట్లాడటం మీ స్వభావం. నలుగురిలో గంటసేపు ఉంటే అలిసిపోవడం, గదిలోకి వెళ్ళి కూర్చుంటే ప్రాణం తేరుకోవడం అంతర్ముఖుల లక్షణం. 1921లో కార్ల్ యూంగ్ మనుషుల్ని అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విడదీసి చెప్పినప్పుడు ఆయన జబ్బు గురించి మాట్లాడటం లేదు. గొంతు ఎండిపోవడం, చేతులు వణకడం, గేటు దాకా వెళ్ళి తిరిగి రావడం మాత్రం భయం. ఎదుటివాళ్ళు నన్ను గమనిస్తున్నారు, తక్కువగా అనుకుంటారు అన్న భయం. దీన్ని మానసిక వైద్యులు సోషల్ యాంగ్జైటీ అంటారు. చాలామందిలో టీనేజీలోనే మొదలవుతుంది. చికిత్స ఉంది.

రెండూ ఎలా వేరో తెలియాలంటే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఆదివారం ఎవరూ పిలవలేదు. హాయిగా ఉందా? అయితే అది స్వభావం. పిలిచారు, వెళ్ళాలని ఉంది, కానీ వెళ్ళలేక ఇంట్లో కూర్చుని బాధపడుతున్నారా? అది భయం. మీలో రెండూ ఉన్నాయి. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు స్వభావం చెప్పిన మాట వినండి, భయం చెప్పిన మాట వినకండి. అందుకే, మనుషులే లేని ఉద్యోగం చెప్పమన్నారు కానీ, అలాంటిది నేను చెప్పను.

ఎందుకంటే ఆ గేటు దగ్గర ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. వెనక్కి తిరగ్గానే గుండె దడ తగ్గి ఉంటుంది. ‘హమ్మయ్య’ అనిపించి ఉంటుంది. లోపలికి వెళ్ళి ఉంటే కూడా ఆ దడ కాసేపటికి దానంతటదే తగ్గేది, కానీ అది తెలిసే అవకాశం మీ మనసుకు దొరకలేదు. పారిపోతేనే ప్రశాంతత అని అది నేర్చుకుంది. ఇలా వదిలేస్తే ఈసారి గేటు దాకా కూడా పోనివ్వదు, బస్టాండులోనే ఆపేస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం దొరికితే మొదటి ఆరునెలలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మేనేజరు వీడియో కాల్‌లోకి రమ్మన్నా ఒళ్ళంతా చెమట్లు పట్టే స్థితి వస్తుంది.

పైగా ఆ వెతుకులాటలో మీలాంటివాళ్ళ కోసమే వల పన్ని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. ‘ఇంటి నుంచే డేటా ఎంట్రీ, ఇంటర్వ్యూ లేదు, రోజుకు రెండు గంటలు’ అని వాట్సాప్‌లో ప్రకటనలు వస్తుంటాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుంటారు, అగ్రిమెంటు మీద సంతకం చేయించుకుంటారు. నాలుగు రోజులు టైప్ చేశాక తప్పులున్నాయంటూ లాయరు నోటీసు పేరుతో ఫోన్లు మొదలుపెడతారు. పరువు పోతుందని భయపడేవాళ్ళు గొడవెందుకని అడిగినంత కట్టేస్తారు, వాళ్ళ ధైర్యం కూడా అదే. జీతం ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడగడు. ఇప్పటికే ఎక్కడైనా కట్టి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఆ ఫోన్ మీరు చేయలేకపోతే అమ్మగారితోనో బావగారితోనో చేయించండి.

ఇక మీ స్వభావానికి సరిపోయే పని. ఉద్యోగం లేదన్నట్టు రాశారు, కానీ ఉత్తరం మధ్యలో షాపు లెక్కలన్నీ నేనే చూస్తానన్నారు. ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం జీఎస్టీ. కంపెనీల నుంచి వచ్చిన ఇన్వాయిస్‌లు, రైతుల ఖాతాలు, పంట చేతికొచ్చాక తీర్చే బాకీలు, ఎరువుల అమ్మకాలు నమోదు చేసే ఈ-పాస్ మిషన్‌లో చూపిన స్టాకుకు గోడౌన్‌లో ఉన్న బస్తాలకు తేడా రాకుండా చూడటం.. ఇవన్నీ చేసే మనిషిని బయట అకౌంట్స్ అసిస్టెంట్ అంటారు. జీతం ఇచ్చి మరీ పెట్టుకుంటారు. మీ రెజ్యూమేలో ఈ పని ఒక్క ముక్క కూడా లేదేమోనని నా అనుమానం.

ట్యాక్స్ కన్సల్టెంట్ లేదా చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసు మీకు బాగా కుదురుతుందనిపిస్తోంది. అక్కడ పని తేదీల వెంట నడుస్తుంది. సాధారణంగా ప్రతి నెలా 7లోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి. నెలనెలా రిటర్నులు వేసే క్లయింట్లకు 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20లోపు 3బీ (పన్ను లెక్క, చెల్లింపు). ఆ వారాల్లో తల ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు, మాట్లాడలేదని మిమ్మల్ని తప్పుపట్టేవాళ్ళూ ఉండరు. మాట్లాడాల్సి వచ్చినా విషయం ఉంటుంది: ‘సార్, మార్చి కొనుగోలు బిల్లు ఒకటి రాలేదు.’ మీలాంటివాళ్ళకు కష్టం కబుర్లతోనే కానీ, పని మాటలతో కాదు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ మీకు ఎలాగూ వచ్చే ఉంటుంది. ఎక్సెల్‌లో కాస్త చేయి తిరిగితే ఏలూరు, భీమవరం, విజయవాడల్లో ఇలాంటి ఆఫీసుల్లో ప్రయత్నించవచ్చు. హైదరాబాదే కావాలనుకుంటే బీపీఓల్లో నాన్-వాయిస్ ప్రాసెస్, అంటే ఫోన్లో మాట్లాడనక్కర్లేని పని చూడండి. విదేశీ కంపెనీల బిల్లులు సరిచూసి ఎంట్రీ చేసే అకౌంట్స్ పేయబుల్ పని బీకాం వాళ్ళకు ఇస్తారు. కాల్ సెంటర్ మీకు పడలేదంటే అది మీ చేతకానితనం కాదు. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఫోన్ చేసి, విసుక్కుంటే పడి, మళ్ళీ ఇంకొకరికి చేయడం మాటకారులకే కష్టం. బావగారు మంచి ఉద్దేశంతోనే చేర్పించి ఉంటారు, కానీ ఈత రానివాణ్ణి ముందే గోదాట్లోకి తోసినట్టయింది.

సాఫ్ట్‌వేర్ అయితే కంప్యూటర్‌తోనే కదా పని అని కొందరు కోర్సుల్లో చేరుతుంటారు. అక్కడా పొద్దున్నే మీటింగు ఉంటుంది, ప్రతివాళ్ళూ నిన్న ఏం చేశారో చెప్పాలి. కోడింగ్ ఇష్టమైతే నేర్చుకోండి. దాక్కోవడానికైతే వద్దు.

ప్రభుత్వ ఉద్యోగం గురించి మీరు అడగలేదు, ఇంట్లో అడిగే ఉంటారు. కేంద్రంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) డిగ్రీ వాళ్ళకు పెట్టే సీజీఎల్ పరీక్షలో ఆడిటర్, అకౌంటెంట్ పోస్టులకు రాతపరీక్షల్లో మార్కులు తెచ్చుకుంటే చాలు. బ్యాంకు క్లర్కుకూ ఇంటర్వ్యూ లేదు, కానీ చేరిన మర్నాటి నుంచి కౌంటర్లో కూర్చోవాలి, ఆ సంగతి తెలిసి రాయండి. ఒక్కటే జాగ్రత్త. ‘ప్రిపేర్ అవుతున్నాను’ అన్న మాట అడ్డం పెట్టుకుని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళకేళ్ళు గడిపేసేవాళ్ళున్నారు. అది కూడా ఒక గోడౌనే. రాయండి, కానీ పని చేస్తూ రాయండి.

భయం సంగతికొద్దాం. ప్రాక్టీసుకు మీకున్నంత మంచి చోటు ఎవరికీ ఉండదు. మీ షాపే. రైతులు బారులు తీరే సీజన్‌లో వద్దు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గిరాకీ పలచగా ఉంటుంది కదా, ఆ టైములో అరగంట ఈ-పాస్ మిషన్ దగ్గర కూర్చుంటానని నాన్నగారికి చెప్పండి. ఆధార్ నంబరు అడగాలి, వేలిముద్ర వేయించాలి, బిల్లు చేతికివ్వాలి. అంతకుమించి మాట్లాడనక్కర్లేదు. చేతులు వణుకుతాయి, వణకనివ్వండి. వణుకు కనపడకుండా మిషన్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోకండి, గబగబా పని ముగించి లేవకండి. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించింది ఇదే. ఈ భయం ఉన్నవాళ్ళ చూపు ఎదుటివాళ్ళ మీద కాకుండా తమ మీదే ఉంటుంది. గొంతు ఎలా వస్తోంది, ముఖం ఎర్రబడిందా అని తమను తామే కాపలా కాసుకుంటారు. దాన్ని దాచడానికి చేసే ప్రయత్నాలే భయాన్ని నిలబెడతాయి. కాబట్టి ఎదుట ఉన్న రైతును చూడండి. ఏ ఊరాయన, ఏ పంటకు తీసుకెళ్తున్నాడు, యూరియా ఎన్ని బస్తాలు అడిగాడు అన్నది గమనించండి. రాత్రి లెక్క రాసేటప్పుడు ఆ వివరాలు గుర్తున్నాయంటే ఆ అరగంట మీ కాపలా కాస్త సడలినట్టే. నాలుగు రోజులు అదే అరగంట చేయండి. అది మామూలైపోయాక టైము పెంచండి.

ఫోన్‌కూ ఇంతే. మొదట మీరే చేసే ఫోన్లు, అదీ జవాబు తెలిసినవి: గ్యాస్ ఏజెన్సీకి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు లోడు ఎప్పుడొస్తుందని. తర్వాత వచ్చే ఫోన్లు ఎత్తడం.

ఇంటర్వ్యూకు ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ జవాబును ఇంగ్లీషులో బట్టీ పట్టకండి. మధ్యలో ఒక్క పదం జారితే మొత్తం పోతుంది. షాపు లెక్కలు ఎలా చూస్తున్నారో మూడు పాయింట్లు గుర్తుంచుకుని మీ మాటల్లో చెప్పండి. ‘కొంచెం టెన్షన్‌గా ఉంది సార్, నెమ్మదిగా చెప్తాను’ అనడంలో నామోషీ లేదు. చిన్న ఆఫీసుల్లో అయితే ‘ఒక నెల బిల్లులు ఇవ్వండి, టాలీలో ఎక్కించి చూపిస్తాను’ అని మీరే అడగవచ్చు. మాట కన్నా పని ముందు కనిపించడం మీకు మంచిది. మీ సమస్య పేరు వాళ్ళకు చెప్పాల్సిన అవసరం లేదు.

ఇవన్నీ మీ అంతట మీరు చేయగలిగితే సరే. కానీ గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చే దాకా వచ్చింది కాబట్టి సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో ఒకసారి కలవమనే నా సలహా. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని ఉంది. పైన చెప్పిన మెట్లనే పక్కన ఉండి ఎక్కిస్తారు, సుమారు మూడు నాలుగు నెలలు పడుతుంది. అవసరమైతే మందులు ఇస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వారానికే ఫలితం లేదని మానేయకండి. ఇంటర్వ్యూ ముందు వేసుకుంటే వణుకు రాదని స్నేహితులిచ్చే గుండెదడ మాత్రలు మాత్రం మీ అంతట మీరు మింగకండి. ఆస్తమా ఉన్నవాళ్ళకు అవి ప్రమాదం. ‘ఒక బీరు తాగితే ధైర్యం వస్తుంది’ అన్న సలహా కూడా వినకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫోనంటేనే భయపడేవాడికి ఫోన్ నంబరు ఇస్తున్నానని నవ్వుకోకండి. అది కష్టమైతే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం ఓపీకి నేరుగా వెళ్ళండి.

నాన్నగారికి ఇంటర్వ్యూల విషయం నిజం చెప్పేయండి. ఎదురుగా చెప్పలేకపోతే రాసివ్వండి, నాకు రాసినంత స్పష్టంగా రాస్తే చాలు. ‘సెలెక్ట్ కాలేదు’ అన్నది వింటే ఆయనకు మీరు చదువులో వెనకబడ్డట్టు అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. అలాగే రాత్రి లెక్కలకు నెలకింత అని జీతం అడగండి. కొడుకుకు జీతమేమిటని ఆయన నవ్వితే నవ్వనివ్వండి. రెజ్యూమేలో అనుభవం అని రాసుకోవడానికి అది పనికొస్తుంది.

పెళ్ళి మానేయకండి. ఊరికే కుర్చీలో కూర్చుంటేనే వచ్చినవాళ్ళంతా పలకరించి ప్రశ్నలు వేసేది. చదివింపులు రాసే పని నాకివ్వండని పెదనాన్నగారిని ఇప్పుడే అడగండి. లెక్క బాగా రాసే కుర్రాడు దొరికాడని ఆయన సంతోషిస్తారు. పేరు, ఊరు, ఎంత అన్న మూడు మాటలతో ఆ పూటంతా గడిచిపోతుంది, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు కాబట్టి ఎవరూ ఎక్కువసేపు ఆగరు. అయినా ‘ఏం చేస్తున్నావు బాబూ’ అని ఎవరైనా అడిగితే, ‘షాపు అకౌంట్స్ చూస్తున్నానండీ, బయట కూడా ప్రయత్నిస్తున్నాను’ అని చెప్పండి. అది అబద్ధం కాదు.