‘సఫర్’ అంటే బాధపడటమేనా?

సందేహం: 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలులో, పిల్లలను ఆపవద్దని యేసు చెప్పేచోట (మార్కు 10:14) ‘సఫర్ ద లిటిల్ చిల్డ్రన్’ అని ఉంది. సఫర్ అంటే బాధపడటం కదా, ఆ మాట అక్కడ ఎలా పొసగింది?

సమాధానం: అక్కడ దాని అర్థం అడ్డుపెట్టక పోనివ్వడం. తెలుగు బైబిలులోని ‘రానియ్యుడి’ దానికి సరిగ్గా సరిపోయిన మాట. బాధ అన్నది ఆ క్రియకున్న అర్థాల్లో ఒకటి మాత్రమే; ఈనాటి వాడుకలో అది మిగిలినవాటిని కప్పివేసింది.

ఆ క్రియ లాటిన్ ‘సుఫెర్రె’ నుంచి, ఫ్రెంచి మీదుగా, ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును జయించిన నార్మన్ల రాక తరువాత ఇంగ్లీషులో చేరింది. ‘సుబ్’ అంటే కింద, ‘ఫెర్రె’ అంటే మోయడం. బరువు కింద నిలిచినవాడికి నొప్పి తప్పదు, ఓర్పూ తప్పదు. ఎదుటివాడి చేష్టను ఓర్చుకుని ఊరకున్నవాడు దానిని జరగనిచ్చినవాడే అవుతాడు కనుక, మోయడం ఓర్చుకోవడమై, ఓర్చుకోవడం అనుమతించడమైంది. ఓటుహక్కును తెలిపే ‘సఫ్రేజ్’ మాత్రం వేరే లాటిన్ పదం నుంచి వచ్చింది. పోలికను చూసి రెంటినీ కలపరాదు.

ఈ ‘ఫెర్రె’, సంస్కృతంలోని ‘భృ’ ధాతువు ఒకే ఇండో యూరోపియన్ మూలానివి. భారం, భర్త, మనం నిత్యం వాడే భరించు, అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. కాబట్టి ‘సఫర్’ను భరించు అని అనువదించినప్పుడు మనం తెలియకుండానే దాని దూరపు చుట్టాన్ని పిలుస్తున్నాము.

అచ్చతెలుగులో ఈ పని చేసేది ‘పడు’. బాధపడు, శ్రమపడు అన్నవి సరే. ‘మాట పడటం’లోను, ‘పడ్డవాడెన్నడూ చెడ్డవాడు కాడు’ అన్న సామెతలోను అది ఒంటరిగానే ఓర్చుకోవడమన్న అర్థాన్ని ఇస్తున్నది. ‘కొట్టబడు’ వంటి కర్మణి రూపాల్లోనూ అదే క్రియ ఉండటం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. అయితే అనుమతి అర్థం మాత్రం దీనికి రాలేదు; రానిచ్చు, పోనిచ్చు అంటూ దానిని మనం ‘ఇచ్చు’కు అప్పగించాము.

అందుచేత అనువాదకులు ప్రతి ‘సఫర్’కూ బాధపడు అని రాయకూడదు. సందర్భాన్ని బట్టి తెలుగులో మాట మారుతుంది: శిక్షను అనుభవిస్తారు, వ్యాపారంలో నష్టపోతారు, మూర్ఖులను సహిస్తారు. ‘జ్వరంతో బాధపడుతున్నాడు’ తప్పు కాదు గాని, ఇంట్లో మనమెవరమూ అలా అనము; జ్వరం వచ్చింది అంటాము. ఇక గడువు తీరినా ఖాళీ చేయని అద్దెదారును న్యాయశాస్త్రం ‘టెనెంట్ ఎట్ సఫరెన్స్’ అంటుంది. బాధపడే అద్దెదారు అని రాస్తే అర్థమే తలకిందులవుతుంది, ఎందుకంటే అక్కడ ఓర్చుకుంటున్నది ఇంటి యజమాని.