పల్లెలో ఉన్న నాన్నగారిని ప్రతిదానికీ కర్నూలుకే తీసుకురావాలా?

ఆదోని దగ్గరి పల్లెలో ఉంటున్న మీ నాన్నగారికి చక్కెర వ్యాధి ఉన్నదని, ఏ అవసరం వచ్చినా నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికే తీసుకురావాలా అని అడిగారు. అక్కరలేదు. మా అత్తగారిదీ ఇదే పరిస్థితి కనుక, చూసినంతవరకు చెబుతాను.

మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. చక్కెర, రక్తపోటు మాత్రలు అక్కడ ఉచితంగానే ఇస్తారు. అత్తగారు నెలనెలా అక్కడే మాత్రలు తెచ్చుకుంటారు. ఆమె రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి అడుగుతుంది. ఈ పలకరింపు ఎంత పెద్ద ఆసుపత్రిలోనూ దొరకదని నా గట్టి నమ్మకం. ఆమె కాలికి పుండు పడి మానకపోయినప్పుడు, అక్కడి డాక్టరుగారు పాత పరీక్షల వివరాలు, వాడుతున్న మందుల పేర్లు రాసిన చీటీ ఇచ్చి కర్నూలుకు పంపారు. సర్జరీ విభాగంలో ఆ చీటీ చూసి, మళ్లీ మొదటినుంచి అడగకుండా చికిత్స మొదలుపెట్టారు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పై మెట్టు సామాజిక ఆరోగ్య కేంద్రం, అందులో 30 పడకలు ఉంటాయి. ఆ పైన ఆదోనిలోని ఏరియా ఆసుపత్రి మీకు దగ్గర. కర్నూలు పెద్దాసుపత్రి 1957లో ఏర్పడిన వైద్య కళాశాలకు అనుబంధమైన బోధనాసుపత్రి కావడంతో, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అందువల్ల పెందలాడే చేరుకుని ఓపీ చీటీ తీసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం ఆ ఆసుపత్రిలో, ఆ జబ్బుకు వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను, అంటే పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగిని, అడిగి తెలుసుకోండి. ముందుగా నిర్ణయించుకునే ఆపరేషన్లకు అనుమతి ముందే రావాలి కనుక, డబ్బు కట్టి చేరిన తరువాత అడగడం కన్నా చేరకముందే అడగడం ఎంతో మేలు.

అత్యవసరంలో మాత్రం ఈ వరుస పాటించకండి. గుండెనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి కాలు పడిపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంతకుముందు తలకు స్కానింగ్ తీయాలి కనుక, ఆ సౌకర్యం ఉన్న చోటికే తీసుకువెళ్లమని చెప్పండి.

ప్రస్తుతానికి, మాత్రలకు వెళ్లిన ప్రతిసారీ నాన్నగారి పాదాలను కూడా చూడమని అక్కడి డాక్టరును అడగండి, ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయించండి.