స్వాతికి, బండి గురించి

చి. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

షెడ్డులో మూలపడ్డ మహీంద్రా పికప్ ఇంజన్ బాగుచేయించి, కడియం నర్సరీల నుంచి నువ్వే మొక్కలు తోలతావట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల స్టీరింగ్ పడుతుందంటే గర్వంగానే ఉంది. కానీ ఆ బండి సంగతి తెలిసినవాణ్ణి కనుక టెన్షన్ కూడా పట్టుకుంది.

తొందరపడి సెల్ఫ్ కొట్టకు. ఇన్నేళ్లు కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ లోపలి గోడలకి, అంటే లైనర్లకి పట్టేసి ఉండొచ్చు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పించి, వాటిలో కాస్త ఆయిల్ పోయించి, రెండ్రోజులు నాననిచ్చాక క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో తిప్పించు. కదలకపోతే బలవంతం చేయనివ్వకు, ఇంకా నానాలి. ట్యాంకులో పాత డీజిల్ మొత్తం తీయించు. ఆయిలూ ఫిల్టర్లూ మార్పించు. రబ్బరు పైపులు పైకి బాగున్నట్టు కనిపించినా సరే, అన్నీ కొత్తవే వేయించు.

పైపుల గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానో మీ నాన్నని అడిగితే చెప్పడు. నేనే చెబుతాను. ఒక వేసవిలో గులాబీ మొక్కల లోడుతో భద్రాచలం బయల్దేరాడు. మారేడుమిల్లి దాటి ఘాట్‌లో ఉండగా రేడియేటర్ కింది పైపు క్లిప్పు వదులై నీళ్లు కారిపోతున్నాయి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది. బండి పక్కకి తీసేలోపే ముల్లు జారి కిందకి వచ్చేసింది. హమ్మయ్య, చల్లబడిందనుకుని తోలేశాడు. ఇంజన్ చల్లబడి కాదమ్మా, నీళ్లు అయిపోయి ముల్లు దిగింది. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడి సరిగ్గా చూపిస్తుంది. నీళ్లు పోయి ఉత్త గాలి మిగిలితే లోపల ఇనుము కాలిపోతున్నా పైన ముల్లు చల్లగా ఉందంటుంది. ఇంకాస్త ఎక్కేసరికి ఇంజన్ పట్టేసింది. కంగారులో వాగు నీళ్లు తెచ్చి కాలుతున్న ఇంజన్‌లో పోశాడు, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ పగిలింది. సాయంత్రానికి బండిని లాక్కురావడానికి నేను వెళ్లేసరికి మొక్కలన్నీ వాడి వేలాడుతున్నాయి. మీ నాన్న రోడ్డు పక్కన కూర్చుని డబ్బాలో మిగిలిన నీళ్లు ఆ మొక్కల మొదళ్లలో పోస్తున్నాడు. ఆ రోజు నేనన్న మాటలు చాలా కఠినమైనవి. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు.

అందుకే ముల్లు పైకెక్కినా ఆగు, ఉన్నట్టుండి కిందకి పడినా ఆగు. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా కూర్చో. లోడు ఆలస్యమైతే కానివ్వు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే నీ మొహం కాలుతుంది తల్లీ, నా భయమంతా అదే. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించు, బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. ఇంజన్ వేడిని బట్టి నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అదే థర్మోస్టాట్, మెకానిక్ తీసేద్దామంటే ఒప్పుకోకు.

స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడు. గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే రింగులూ సిలిండర్లూ అరిగి ఇంజన్ రీబోరుకి వచ్చినట్టే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ దించాలి. దించితే హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ ఒక్కటే మార్చి సరిపెట్టనివ్వకు. హెడ్ వంగిందేమో లేత్ వర్క్స్‌లో చూపించు. బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, ఎంత బిగువు పడుతోందో చూపించే టార్క్ రెంచితోనే బిగించాలి. నా రెంచి పంపిస్తాను.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకు, స్టాండ్లు పెట్టించు. ఎనిమిదేళ్లు దాటిన బండి కనుక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, కాగితాలు ఇప్పుడే చూసుకో.

మొదటిసారి ఘాట్ ఎక్కేటప్పుడు మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. రానంటే నాకు ఫోన్ చెయ్యి, నేనొస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న