జనరేటర్ కొన్నావట, బిగించే ముందు ఇది చదువు

చిరంజీవి శ్రీకాంత్‌కు మావయ్య ఆశీస్సులు.

పెట్రోలు మీదా, ప్రొపేన్ గ్యాస్ మీదా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్ తెచ్చి గ్యారేజీలో పెట్టావని మీ అమ్మ చెప్పింది. హ్యూస్టన్‌లో ఉన్నవాడికి అది దండగ ఖర్చు కాదులే. 2024 జూలైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు మీ వైపు 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది కదా.

ప్రొపేన్ మీద నడుపుదామన్న నీ ఆలోచన నాకు నచ్చింది. పెట్రోలు నెలల తరబడి నిలవుంటే పాడవుతుంది, కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. ప్రొపేన్‌కు ఆ బాధ లేదు, ఏళ్ల తర్వాత తీసినా అలాగే ఉంటుంది. కాకపోతే బలం కాస్త తక్కువ. గాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటే, పెట్రోలులో 1,14,000 పైమాటే. పెట్రోలు మీద వచ్చే వాట్లలో దాదాపు పదోవంతు తగ్గుతుందనుకో. అట్టపెట్టె మీద పెద్దగా రాసిన అంకెను నమ్మకు. అది మామూలుగా పెట్రోలు మీద, అదీ స్టార్టింగ్ వాట్లు, అంటే మోటార్లు మొదలయ్యే క్షణంలో మాత్రమే ఇవ్వగలిగేవి. నీకు కావలసింది ప్రొపేన్ మీద రన్నింగ్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగేవి. ఆ లెక్కలో ఫ్రిజ్, లైట్లు, వైఫై, ఒక గదికి చిన్న విండో ఏసీ హాయిగా నడుస్తాయి. సెంట్రల్ ఏసీ జోలికి పోకు. మీ అమ్మ దోసెల పిండి గ్రైండర్ కూడా ఫ్రిజ్ కుదురుకున్నాకే.

బార్బెక్యూకు వాడే 20 పౌండ్ల సిలిండర్‌లో పట్టేది 4.7 గాలన్లే. నీ యంత్రం సగం లోడ్ మీద నడిస్తే ఐదారు గంటలు వస్తుంది. బాగా చలిగా ఉన్న రోజు ఇంజిన్ గట్టిగా లాగితే సిలిండర్ ఒంటినిండా మంచు పట్టి, లోపల గ్యాస్ ఉన్నా సరిపడా రాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను గడ్డకట్టించిన లాంటి చలి మళ్లీ వస్తే ఇది గుర్తుంచుకో. అప్పుడు పెద్ద సిలిండర్ పెట్టాలి, లేదా లోడ్ తగ్గించాలి. అంతేగాని మంట చూపించకు, పడుకోబెట్టకు. వాల్వు మెల్లగా తిప్పు. ఒక్కసారిగా తిప్పితే లోపలి సేఫ్టీ గ్యాస్‌ను బిగబడుతుంది, నువ్వేమో ఇంజిన్ పాడైందని కంగారు పడతావు. జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడు. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారునే పేరుకుంటుంది. అందుకే సిలిండర్లు గ్యారేజీలో దాచొద్దు, బయటే ఉంచు.

ఇక అసలు సంగతి. రెండు వైపులా మగ పిన్నులున్న తీగ చేయించి డ్రయ్యర్ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందని ఎవడో ఒకడు చెబుతాడు. వినకు. నేను కరెంటు బోర్డులో లైన్ల మీద బతికినవాణ్ణి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోమనే అనుమతి) తీసుకుని, లైను చచ్చిందనుకుని మనిషి స్తంభం ఎక్కుతాడు. నీ ఇంట్లోంచి వెళ్లిన 240 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కి 7,200 అవుతాయి. కొన్ని లైన్లలో ఇంకా ఎక్కువ. పైనున్న వాడి ఇంట్లోనూ పిల్లలుంటారు. పైగా ఆ తీగ ఒక కొస ఊడిందా, పిన్నుల మీద కరెంటు బయటే ఉంటుంది, పట్టుకున్నవాడు పోతాడు.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత, సిటీ పర్మిట్ తీసుకుని, బయటి గోడకు జనరేటర్ తీగ తగిలించే ఇన్‌లెట్ బాక్స్, ప్యానెల్‌కు (ఇంటి బ్రేకర్లుండే పెట్టెకు) ఇంటర్‌లాక్ పెట్టించు. ఇంటర్‌లాక్ అంటే చిన్న రేకు ముక్క. మెయిన్ ఆపితే తప్ప జనరేటర్ బ్రేకర్ వేయనివ్వదు. అది నీ ప్యానెల్ మోడల్‌కు సరిపోయేదే అయ్యుండాలి. జనరేటర్‌లో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా అని ఎలక్ట్రీషియన్‌ను అడుగు. అది చూసుకోకపోతే తగిలించగానే జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే రక్షణ స్విచ్) ట్రిప్ అవుతూ విసిగిస్తుంది.

కరెంటు పోయినప్పుడు ముందు మెయిన్ ఆపు, తర్వాత మిగతా బ్రేకర్లన్నీ ఆపు. ఇంజిన్ స్టార్ట్ చేసి కాసేపు కుదురుకోనివ్వు. అప్పుడు జనరేటర్ బ్రేకర్ వేసి, ఒక్కొక్కటే లోడ్ ఎక్కించు. ఈ వరుస కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అతికించు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు కూడా చేయగలగాలి.

ప్రొపేన్ శుభ్రంగా మండుతుంది కాబట్టి పొగ ప్రమాదం లేదనుకోకు. కార్బన్ మోనాక్సైడ్ దానిలోనూ వస్తుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యారేజీ తలుపు తెరిచి లోపల నడపడం కూడా కుదరదు. ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటివైపు కాకుండా, పక్కింటి కిటికీ వైపు కూడా కాకుండా పెట్టు. ప్రతి పడకగది దగ్గరా బ్యాటరీతో నడిచే అలారం ఉండాలి. ఈ ఒక్క విషయంలో పిసినారితనం చేశావంటే ఊరుకోను.

నీ ప్యానెల్ తలుపు తీసి, లోపలి లేబుల్ కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. జనరేటర్ వెనక ప్లేటుది కూడా పంపు. ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు చూసి, అతన్ని ఏమేం అడగాలో చెబుతాను.

మీ మావయ్య