మట్టిలో దొరికిన ఫంగస్‌తో ప్రాజెక్ట్: యాంటీబయాటిక్ వైపు వెళ్లాలా, ఎంజైమ్ వైపా?

మట్టి నుంచి తీసిన ఫంగస్ స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ప్లేట్ మీద మంచి జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) ఇచ్చింది, ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌కి యాంటీబయాటిక్ తీసుకోనా ఎంజైమ్స్ తీసుకోనా అని కదా అడిగారు. నేను రెండూ చేశాను, ఇప్పటికీ ఫంగస్‌తోనే పని. చేతిలో ఆర్నెల్లే ఉంటే ఎంజైమ్‌ని మెయిన్‌గా పెట్టుకోండి, రెండోది పక్కన నడిపించండి.

ఎందుకంటే జోన్ వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ దొరికినట్టు కాదు. మా ల్యాబ్‌లో ఆస్పర్జిల్లస్ నైగర్ అనే ఫంగస్ ఒకటి ఉండేది, దాని జోన్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, కానీ అది సిట్రిక్, ఆక్సాలిక్ యాసిడ్లు తెగ వదులుతుంది కదా, అది పెరిగిన ద్రవాన్ని (బ్రాత్) పీహెచ్ 7కి తెచ్చి మళ్లీ ప్లేట్‌లోని గుంటలో (వెల్) పోస్తే జోన్ లేదు, అంటే అంతా యాసిడ్ పనే. మీరూ ముందు ఆ టెస్ట్ చేయండి. ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్‌తో బ్రాత్ నుంచి ఎక్స్‌ట్రాక్ట్ తీస్తే ఆ సాల్వెంట్ పూర్తిగా ఎగిరిపోయాకే డీఎంఎస్ఓ అనే మరో ద్రావణిలో కలపండి, పక్కనే ఒట్టి డీఎంఎస్ఓ వెల్ ఒకటి తప్పనిసరి, జోన్ దాని వల్ల వచ్చిందేమో తేలాలి కదా. ఇదంతా దాటి నిలిచినా, ఎప్పుడో తెలిసిన కాంపౌండే మళ్లీ దొరికి ఉండొచ్చు, అది తేలాలంటే ఎల్‌సీఎంఎస్ (కాంపౌండ్లని విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే పరీక్ష) దాకా వెళ్లాలి. ఎంత కాలం పడుతుందో పెన్సిలిన్ కథే చూడండి, ఫ్లెమింగ్ ప్లేట్ మీద జోన్ చూసింది 1928లో, ఫ్లోరీ, చెయిన్ టీమ్ పెన్సిలిన్ ఎలుకల్లో పనిచేస్తుందని చూపించేసరికి 1940 వచ్చింది.

ఎంజైమ్ అయితే జవాబు త్వరగా వస్తుంది. సీఎంసీ (కరిగే రకం సెల్యులోజ్) కలిపిన అగార్ మీద పెంచి, కాంగో రెడ్ అనే రంగు పోసి పావుగంట ఉంచి, సోడియం క్లోరైడ్ ద్రావణంతో కడిగారంటే ఎర్రటి ప్లేట్‌లో కాలనీ చుట్టూ పసుప్పచ్చ వలయం తేలుతుంది, ఫంగస్ అక్కడి సెల్యులోజ్‌ని కోసేసిందన్నమాట, అది మొదటిసారి చూసినప్పటి ఆనందం నాకింకా పోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో సైన్యం కాటన్ గుడారాలు, బట్టలు కుళ్లిపోతుంటే వాటి మీంచి తీసిన ట్రైకోడెర్మా రీసీ ఇవాళ ఇండస్ట్రీకి సెల్యులేజ్ (సెల్యులోజ్‌ని కోసే ఎంజైమ్) ఇస్తోంది! ఒక్కటి మాత్రం, మీడియాలో గ్లూకోజ్ వేయొద్దు, తేలిగ్గా తినే చక్కెర ఉంటే అది సెల్యులేజ్ తయారీ తగ్గించేస్తుంది. తర్వాత డీఎన్ఎస్ అనే, చక్కెర ఉంటే రంగు మారే రసాయనంతో కొలిచేటప్పుడు ఎంజైమ్ బ్లాంక్ (సెల్యులోజ్ కలపకుండా ఎంజైమ్ బ్రాత్ మాత్రమే ఉన్న ట్యూబ్) కూడా పెట్టండి, బ్రాత్‌లో ముందే ఉన్న చక్కెర కూడా రంగు ఇస్తుంది.

పని మొదలుపెట్టే ముందే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం సీక్వెన్సింగ్‌తో మీ ఫంగస్ ఏంటో తెలుసుకోండి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అయితే అఫ్లాటాక్సిన్ అనే విషం భయం, ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అయితే ఊపిరితిత్తులకి ప్రమాదం. స్పోర్లు పట్టిన ప్లేట్లని మామూలు లామినార్ ఫ్లోలో తెరవొద్దు, ఆ గాలి నేరుగా మీ ముఖం మీదకే వస్తుంది, బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవండి.