ఎక్సెలరేటెడ్ నర్సింగ్ డిగ్రీలో సీటు, ఆ తరువాతి 15 నెలలు: డల్లాస్ నుంచి నా అనుభవం

మీరు కరీంనగర్‌లో మూడేళ్ళ బీఎస్సీ చేశారు. ఎనిమిదేళ్ళుగా డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో హెచ్4 వీసా (హెచ్1బి ఉద్యోగి భార్యగా వచ్చే వీసా) మీద ఉన్నారు, ఇద్దరు పిల్లలు. 36వ ఏట ఎక్సెలరేటెడ్ బీఎస్ఎన్‌లో, అంటే తక్కువ కాలంలో ముగిసే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీలో, సీటు దొరుకుతుందా, దొరికినా తట్టుకోగలనా అని అడిగారు. నాది గుంటూరు జిల్లా. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, పెళ్ళయ్యాక డల్లాస్ వచ్చి, తొమ్మిదేళ్ళు ఇంట్లోనే ఉండి, 38వ ఏట అలాంటి కోర్సులోనే చేరాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో గుండె రోగుల వార్డులో నైట్ డ్యూటీలు చేస్తున్నాను. కాబట్టి మీ రెండు ప్రశ్నలకూ నా జవాబు అవుననే. అయితే మీరు వేసుకున్న 15 నెలల లెక్క సరిపోదు. ఆ 15 నెలలకు ముందు నాకు రెండున్నరేళ్ళు పట్టాయి, కోర్సులో నేను నిలబడింది కూడా చాలావరకు ఆ రెండున్నరేళ్ళలో చేసుకున్న పనుల వల్లనే.

ఈ కోర్సులు కొత్తవేమీ కావు. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 1971లోనే ఇలాంటిదాన్ని మొదలుపెట్టింది. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవారికి సాధారణ విద్య భాగం అయిపోయినట్టే లెక్కించి, మిగిలిన నర్సింగ్ భాగాన్ని వేసవి సెలవులతో సహా కలిపేసి 11 నుంచి 18 నెలల్లో ముగిస్తారు. పాఠాలు తగ్గవు, ఆసుపత్రిలో గడపవలసిన గంటలూ తగ్గవు. జ్వరం వచ్చి వారం రోజులు పడుకుంటే మళ్ళీ అందుకోవడానికి అవసరమైన ఖాళీ రోజులు మాత్రం ఉండవు. అందుకే ముందుగా చేసుకోగలిగిన ప్రతి పనినీ ముందే చేసి పెట్టుకోవాలని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ విషయంలో అన్నిటికన్నా ముందు తేలవలసింది మూడేళ్ళ డిగ్రీ సంగతి. నాది నాలుగేళ్ళ బీటెక్ కనుక నాకు ఆ చిక్కు రాలేదు కానీ, నాతో చదివిన విజయవాడ అమ్మాయికి వచ్చింది. మన సర్టిఫికెట్లను అమెరికా డిగ్రీతో పోల్చి నివేదిక ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. మూడేళ్ళ డిగ్రీని ఒక సంస్థ పూర్తి బ్యాచిలర్స్‌గా లెక్కిస్తే మరొకటి మూడేళ్ళ చదువుగానే రాయవచ్చు. కాలేజీకి న్యాక్ ఇచ్చిన గ్రేడు, మీకు వచ్చిన క్లాసు కూడా చూస్తారు. ఆ విజయవాడ అమ్మాయి ముందు డబ్బు కట్టి నివేదిక తెప్పించుకుంది, ఆ తరువాతే తాను చేరదలచిన యూనివర్సిటీ ఆ సంస్థ నివేదికను తీసుకోదని తెలుసుకుంది. మీరు దరఖాస్తు పెట్టదలచిన మూడు నాలుగు నర్సింగ్ అడ్మిషన్ ఆఫీసులకు ముందే మెయిల్ పెట్టి, ఏ సంస్థ నివేదిక ఒప్పుకుంటారో, మూడేళ్ళ డిగ్రీని ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. నివేదిక మటుకు సబ్జెక్టుల వారీ మార్కులతో ఉండేదే అడగండి.

మన టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ ఏ బ్యాచిలర్ డిగ్రీ ఇవ్వాలన్నా, విద్యార్థి అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, అమెరికా, టెక్సస్ ప్రభుత్వాల గురించి మరో 6 క్రెడిట్లు చదివి ఉండాలని రాష్ట్ర చట్టం. మన డిగ్రీలో అవి ఉండవు కదా. రక్తప్రసరణ చదువుదామని వెళ్ళి మొదటి సెమిస్టర్‌లో టెక్సస్ రాజ్యాంగం చదువుతూ కూర్చున్నాను.

అసలైన ప్రీరిక్విజిట్లు, అంటే చేరే ముందే చదివి ఉండవలసిన కోర్సులు, ఇవి: అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదలపై ఒక సైకాలజీ కోర్సు. కొద్ది తేడాలతో దాదాపు అందరూ ఇవే అడుగుతారు. సైన్స్ కోర్సులు ఐదేళ్ళ లోపు, కొన్నిచోట్ల ఏడేళ్ళ లోపు చదివినవై ఉండాలంటారు కాబట్టి మీ బీఎస్సీలో మైక్రోబయాలజీ ఉన్నా మళ్ళీ చదవవలసి రావచ్చు. దానికి బాధపడకండి. ఎంపికలో పాత డిగ్రీ మార్కుల కన్నా ఈ సైన్స్ కోర్సుల గ్రేడ్లనే ఎక్కువగా చూసే స్కూళ్ళు చాలా ఉన్నాయి. నా బీటెక్‌లో రెండు బ్యాక్‌లాగులు ఉండేవి. కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో సెమిస్టర్‌కు రెండు కోర్సుల చొప్పున తీసుకుని అన్నిటిలో ఎ తెచ్చుకున్నాక ఆ బ్యాక్‌లాగుల గురించి నన్ను ఎవరూ అడగలేదు. ఇర్వింగ్‌లో ఉన్నవారికి డల్లాస్ కాలేజ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు వారికి కాలిన్ కాలేజ్ దగ్గర. అనాటమీని మాత్రం వేసవి ఎనిమిది వారాల్లో కుదించి చదవకండి. గొర్రె గుండెను కోసి గదులు గుర్తుపట్టిన ఆ ల్యాబే, రెండేళ్ళ తరువాత హార్ట్ ఫెయిల్యూర్ పాఠాన్ని ఒక్క సాయంత్రంలో అర్థం చేసుకోవడానికి నాకు ఉపయోగపడింది.

ప్రవేశ పరీక్షగా కొన్నిచోట్ల టీస్, కొన్నిచోట్ల హెసి ఎ2 అడుగుతారు. నేను రాసింది టీస్: 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. అందులో లెక్కలు మన పదో తరగతి స్థాయివే, మనవాళ్ళకు మార్కులు పోయేది ఇంగ్లీషు పఠనంలోనూ వ్యాకరణంలోనూ. నేను తెలుగు మీడియం మనిషిని. నాలుగు నెలల పాటు రోజూ ఒక ఇంగ్లీషు వ్యాసం చదివి, రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో రాసుకున్నాను. ఆ అలవాటు తరువాత రోగి చార్టు చదివేటప్పుడూ పనికి వచ్చింది.

వీసా సంగతి మీరు దాటవేశారు, నేను దాటవేయను. హెచ్4 మీద పూర్తికాలం చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. మీవారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం పొంది ఉంటే 2015 నుంచి అమలులో ఉన్న నియమం కింద అది వస్తుంది. అది లేకపోతే, డిగ్రీ చేతికొచ్చాక హెచ్1బి చూసుకుందాంలే అనుకోవద్దు. మామూలు ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) ఉద్యోగానికి రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ ఉన్నవారూ అర్హులే కనుక, బ్యాచిలర్స్ తప్పనిసరి అని చూపవలసిన హెచ్1బి ఆ ఉద్యోగానికి సాధారణంగా దొరకదు. ఫెడరల్ విద్యా రుణాలు కూడా హెచ్4 వారికి రావు. మా ఇంట్లో రెండేళ్ళు కారు మార్చకుండా, ఇండియా ప్రయాణం మానుకుని ఫీజు దాచాము. ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు: మీ చిన్న పాప ఇంకా డేకేర్ వయసులో ఉంటే, కమ్యూనిటీ కాలేజీలో ఆ రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీయే మీకు మంచిది కావచ్చు. ఖర్చు చాలా తక్కువ, రెండు డిగ్రీల వాళ్ళూ రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే, బీఎస్ఎన్‌ను తరువాత ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో పూర్తి చేయవచ్చు.

సీటు వచ్చాక తరగతులు మొదలయ్యే లోపు టీకాల కాగితాలు, నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్టు, బీఎల్ఎస్ (గుండె ఆగినవారికి చేసే ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు సమర్పించాలి. మనవాళ్ళందరూ తట్టుకుని పడేది టీబీ పరీక్ష దగ్గర. చిన్నప్పుడు వేయించుకున్న బీసీజీ టీకా వల్ల చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు. నాకు అలాగే చెయ్యి వాచి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, గడువుకు రెండు రోజుల ముందు బయటపడ్డాను. మొదటే క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు.

ఇక తట్టుకోవడం గురించి. మొదటి పరీక్షలో నాకు 71 వచ్చింది. మా కోర్సులో పరీక్షల సగటు 75 దాటకపోతే ఫెయిల్, 74.9ని 75గా సవరించరు, రెండు కోర్సులు పోతే ఇంటికే. ఆ 71 నేను చదవకపోవడం వల్ల వచ్చింది కాదు. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ స్టడీ అవర్లలో ఎంసెట్ బిట్లు బట్టీ పట్టినట్టే అధ్యాయాలన్నీ బట్టీ పట్టాను. ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. నలుగురు రోగులు ఉన్నారు: తుంటి ఆపరేషన్ అయి నొప్పితో ఏడుస్తున్న ఆవిడ, షుగర్ 180 ఉన్నాయన, డిశ్చార్జి కాగితాల కోసం కోపంగా ఎదురుచూస్తున్నాయన, నిన్న థైరాయిడ్ గ్రంథి తీసేశాక పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని చెప్పే ఆవిడ. మొదట ఎవరి దగ్గరికి వెళతారు? నేను ఏడుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను. థైరాయిడ్ వెనుక పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయనీ, అవి కాల్షియంను అదుపు చేస్తాయనీ నాకు కంఠతా వచ్చు. ఆపరేషన్‌లో అవి దెబ్బతిని కాల్షియం పడిపోతే మొదట ఆ చీమల పాకుడే వస్తుందనీ, ఆలస్యమైతే గొంతు కండరాలు బిగుసుకుని ఊపిరి ఆగవచ్చుననీ ఆ ప్రశ్న ముందు కూర్చున్నప్పుడు నాకు తట్టలేదు.

మా ఇన్‌స్ట్రక్టర్ ఆఫీస్ అవర్లలో నా పేపరు ముందు పెట్టుకుని, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ తెలియక పోయిందా, తెలిసీ వాడుకోలేక పోయిందా అని అడిగారు. 29 తప్పుల్లో 20 దాకా రెండో రకమే. ఆ రోజు నుంచి నోట్సు రాయడం సగానికి తగ్గించి, ఆ సమయంలో రోజుకు 40 ప్రశ్నలు చేసి, తప్పైన వాటికే కాక ఒప్పైన వాటికి కూడా వివరణ చదివాను. మరో పని, రాత్రి అంట్లు తోముతూ ఆ రోజు జబ్బును మావారికి తెలుగులో చెప్పడం. గుండె ఎడమ వైపు బలహీనపడితే నీరు ఊపిరితిత్తుల్లోకి ఎందుకు చేరుతుందో, కాలువ లాకు దగ్గర గుర్రపుడెక్క పేరుకుంటే ఎగువ చేలు మునిగినట్టు అని చెప్పాక, కుడి వైపు దెబ్బతింటే కాళ్ళెందుకు వాస్తాయో ఆయనే చెప్పారు. మీకు చెప్పడానికి ఎవరూ లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఎక్కడ తడబడ్డారో అక్కడ మీకు పాఠం రానట్టే. బట్టీ పూర్తిగా పనికిరాదని కాదు. మందుల పేర్ల చివర లాల్ ఉంటే బీటా బ్లాకర్ అనీ, ప్రిల్ ఉంటే పొడిదగ్గు రావచ్చనీ, పొటాషియం ఎన్నడూ నేరుగా నరంలోకి తోయకూడదనీ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

మోతాదు లెక్కలంటే భయపడకండి. 250 మిల్లీలీటర్ల సంచిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు 25,000 యూనిట్లు ఉంది, గంటకు 1,000 యూనిట్లు ఇవ్వాలంటే పంపు ఎంతకు పెట్టాలి అన్నట్టు ఉంటాయి. గంటకు 10 మిల్లీలీటర్లు, అంతే. నాతోటి అమెరికన్ విద్యార్థులు ఇక్కడే వణికేవారు, బదులుగా వాళ్ళు నాకు ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడడం నేర్పారు.

క్లినికల్స్‌కు, అంటే ఆసుపత్రిలో శిక్షణకు, వారంలో రెండు రోజులు ఉదయం 6:30 కల్లా వార్డులో ఉండాలి, 12 గంటల డ్యూటీ. మొదటి రోజు ఒక పెద్దాయనకు ఒళ్ళు తుడిచి పక్క మార్చాను. బీటెక్ చదివి నర్సు పనేమిటని చుట్టాలు అన్న మాటలు ఆ గదిలోకి వెళ్ళేదాకా చెవిలో ఉన్నాయి, నీళ్ళు వెచ్చగా ఉన్నాయా అని ఆయనను అడిగాక మళ్ళీ గుర్తు రాలేదు. తెలియనిది తెలియదని చెప్పడం మాత్రం మనం కొత్తగా నేర్చుకోవాలి. మన క్లాసుల్లో ప్రశ్న అడిగితే పరువు పోతుందని పెరిగాం, ఇక్కడ అడగకుండా చేసిన విద్యార్థినే బయటికి పంపుతారు. ఒకసారి ఒక తెలుగు మామ్మగారు పేషెంటుగా వచ్చి, ‘మీదే ఊరమ్మాయ్?’ అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడతో ఎంతైనా మాట్లాడవచ్చు కానీ, ఆపరేషన్ సమ్మతి పత్రం దగ్గర నేను అనువదించబోతే నర్సు ఆపి, ఫోన్‌లో శిక్షణ పొందిన దుబాసీని పిలిచారు. అదీ పాఠమే.

ఇంటి సంగతికి వస్తే, ముందు మా అమ్మ ఆరు నెలలు, ఆవిడ వెళ్ళగానే మా అత్తయ్య ఆరు నెలలు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. చివరి మూడు నెలలు వంట మావారిది, చాలా రోజులు పెరుగన్నం, ఆవకాయ. పిల్లలకు జ్వరం వస్తే స్కూలు నుంచి ఫోన్ ఎవరికి వెళ్ళాలో ముందే నిర్ణయించి, ఆ నంబరు స్కూల్లో మార్పించండి. క్లినికల్‌లో మీ ఫోన్ లాకర్‌లో ఉంటుంది.

ఎన్‌క్లెక్స్ అనే ఆ లైసెన్సు పరీక్ష గురించి ఇప్పటి నుంచే దిగులు వద్దు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో ఉంది, 85 నుంచి 150 ప్రశ్నల దాకా రావచ్చు, గరిష్ఠంగా ఐదు గంటలు. వర్తించేవన్నీ గుర్తించమనే ప్రశ్నలకు కాలేజీలో ఒక్కటి తప్పినా సున్నా వేసేవారు, అసలు పరీక్షలో ఇప్పుడు పాక్షిక మార్కులు ఉన్నాయి. కోర్సు దాటినవారికి అది నెల రోజుల పని.

మీరు వచ్చే సెమిస్టర్‌లోనే అనాటమీ మొదలుపెట్టాలంటే ట్రాన్‌స్క్రిప్టుల (మీ యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాల) పని ఈ వారమే కదపండి. నాకు మా తమ్ముడు మూడుసార్లు యూనివర్సిటీ చుట్టూ తిరిగి తెచ్చి పంపాడు. సీలు వేసిన కవర్లు కనీసం నాలుగు అడగమని మీవాళ్ళకు చెప్పండి. నేను రెండే తెప్పించుకున్నాను, అందులో ఒకటి మా అబ్బాయి విప్పేశాడు. సీలు విప్పిన కవరు ఎవరూ తీసుకోరు.